ఆలూరు కంటి గదిలో ఒక పూట

ఆదోనిలో బస్సెక్కి, పత్తి ఏరివేయగా కట్టె మాత్రము మిగిలిన నల్లరేగడి చేలను, ఉల్లిగడ్డలు రాశులు పోసిన కళ్ళములను దాటి ఆలూరు చేరునప్పటికి ఎండ బాగుగా ఎక్కినది. వెన్నెముకకు పట్టు నొక వాతవ్యాధి కంటి నెట్లు బాధించునో తెలిసికొన గోరినవాడు మహానగరమునకు పోవక, వర్షచ్ఛాయలో పడి ఎండిన ఈ సీమలోని ప్రభుత్వాసుపత్రికి రానేల యని చదువరి అడుగవచ్చును. ఆ వ్యాధి నగరములలో గుర్తింపబడుచున్నది. ఎవరికంట పడక తప్పిపోవుచున్నది మాత్రము ఇట్టి యూళ్ళలోనే.

కిటికీకి నల్లగుడ్డ కట్టిన చిన్న గది అది. గోడపై అక్షరముల పటము, బల్లపై గడ్డమును ఆనించి చూచు స్లిట్ ల్యాంపు. పరీక్ష చేయు ఉద్యోగి అనుమతితో నేనొక మూల కూర్చుంటిని. ముప్పది యేండ్లు నిండని యొక యువకుడు ఎడమకంటికి తువాలు అడ్డుపెట్టుకొని భార్యతో లోనికి వచ్చెను.

“ఏమైందబ్బీ?”

“కండ్లకలక సార్. సుగ్గికి గుంటూరు దిక్కు పోయింటిమి. మిరపకాయల ఘాటు తగిలినట్టుంది. నందివర్ధనం పూల రసం పిండినాము, మెడికల్ షాపులో చుక్కలు గూడ తెచ్చి యేసినాము. తగ్గల్యా.”

“రెండు కండ్లా? పుసి కడుతాందా?”

“ఒగటే సార్. పుసి ల్యా. వెలుతురు జూస్తే పొడిచినట్టుంటాది.”

ఉద్యోగి దీపము వెలిగించి చూచి, నల్లగ్రుడ్డు చుట్టును ఎఱుపు వలయముగా నుండుటను నాకు చూపెను. పిమ్మట అతడడిగిన ప్రశ్న ఆ దంపతులను విస్మయపఱచినది: “పొద్దున లేస్తానే నడుమెట్లుంటాది?” బదులు చెప్పినది భార్య. “నడుము కత అడగొద్దు సార్. మూడేండ్లాయె. కోడి కూయకముందే లేసి ఇంట్లో తిరుగులాడతాడు. పనికి పోతే తగ్గుతాది, పండుకుంటే పట్టుకుంటాది.”

ఆ యొక్క మాటలో రోగలక్షణమంతయు ఇమిడియున్నది. శ్రమవలన గలుగు నడుమునొప్పి విశ్రాంతిచే తగ్గును. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అను ఈ వ్యాధిలో నొప్పి విశ్రాంతిచే పెరిగి, కదలికచే తగ్గును. ప్రాయికముగా నలువదియేండ్ల లోపుననే తుంటియెముకలు వెన్నును కలియు కీళ్ళలో వాపుగా మొదలై, వైద్యము లేనిచో కొందఱిలో పూసలు ఒండొంటితో అతుకుకొని వెన్ను వెదురుబొంగువలె బిగిసిపోవును. కూలిచేసి బ్రదుకు సీమలో నడుమునొప్పి లేనివాడెవడను మాటచాటున ఏండ్ల తరబడి ఈ భేదము మరుగుపడుట నాకు మిక్కిలి దుఃఖము కలిగించినది.

ఈ రోగులలో సుమారు నలుగురిలో ఒకరికి ఎప్పుడో యొకప్పుడు కంటిలోపలి పొరకు, అనగా కనుపాప చుట్టుపట్ల, వాపు వచ్చును. యువకునికి వచ్చినదని ఉద్యోగి అనుమానించినది దీనినే. చూచుటకు కండ్లకలకవలెనే యుండు ఈ యువైటిస్‌ను సకాలమున మాన్పనిచో కనుపాప అంచు లోపలి కటకమునకు అతుకుకొనును, శుక్లములును నీటికాసులును దాపురించును. ఎచ్‌ఎల్‌ఏ-బి27 అను వంశపారంపర్య లక్షణమునకు వెన్నువ్యాధితో గల సంబంధమును 1973లో లండన్, లాస్ ఏంజెలిస్ నగరముల పరిశోధకులు వేఱువేఱుగా వెల్లడించిరి. ఆ యేడే కంటిలోపలి యీ వాపునకు సైతము అదే లక్షణముతో పొత్తు గలదని తేలినది. అయినను అది కలవారిలో అధికసంఖ్యాకులకు ఏ వ్యాధియు రాదు.

కంటి పైపొర సంగతి ఇంత ప్రసిద్ధము కాదు. దానిని నాకు తెలిపినవాడు తరువాత వచ్చిన పెద్దాయన. వెన్ను వంగి, మెడ బిగిసి, నేలచూపులు తప్ప ఎఱుగని ఆయన గడ్డము యంత్రమునకు ఆనలేదు. ఉద్యోగి స్టూలు తీయించి, ఆయనను నిలువబెట్టి, బల్లను మెల్లమెల్లగా సవరించి, రంగు కాగితపు కొసను క్రిందిరెప్పలో తాకించి నీలికాంతి ప్రసరింపజేసెను. పచ్చగా మెఱయు కన్నీటిపొరలో పది సెకండ్లైనను గడువకమునుపే నల్లని మచ్చలు విచ్చుకొనెను; పొర చిట్లిపోవుచున్నదనుటకు అది గుర్తు. “ఇసక పడినట్టు గరగరమంటాది నాయనా” అని ఆయన యనెను. ఈ వెన్నువ్యాధి గలవారి కండ్లు ఇతరులకంటె హెచ్చుగా పొడిబారుట పలు పరిశీలనలలో కనబడినది. కీళ్ళలోని వాపును రగిల్చు పదార్థములే కన్నీటిలోను కంటి పైపొరలోను పనిచేయుట అందులకొక కారణమని వైద్యు లెన్నుచున్నారు. దీర్ఘమైన నొప్పికి కొందఱకిచ్చు అమిట్రిప్టిలిన్ వంటి మాత్రలు కన్నీటిని ఇంకను తగ్గించును. ఈ సీమ వడగాలి ఉండనే యున్నది.

చుక్కలు వ్రాసియిచ్చుట సులభము. తల వెనుకకు వాలనివాడు వానిని వేసికొనుట యెట్లు? ఆయనను ప్రక్కకు ఒత్తిగిలి పరుండబెట్టి, క్రిందిరెప్పను వ్రేలితో లాగి, ఆ సంచిలో ఒక చుక్క విడుచు విధమును ఉద్యోగి ఆయన కోడలిచేత చేయించి చూచెను. ఆ గదిలో నేను చూచిన ఉత్తమ వైద్యము అదియే.

యువకుడు కర్నూలు ప్రభుత్వాసుపత్రికి చీటితో వెడలెను. అచట నేత్రవైద్యులు కంటిని చూచుటతో విషయము ముగియరాదు. తుంటియెముకలు వెన్నును కలియు కీళ్ళకు ఎక్స్‌రేయు, కీళ్ళవ్యాధుల నిపుణుని సలహాయు కావలెను. వెన్నునకును కంటికిని వచ్చిన వాపు ఒక్కటే యని తెలిసిననాడు, అడాలిముమాబ్ వంటి యొక్క మందే రెంటికి నుపకరింపవచ్చును.

కావున పాఠకులకు నా మనవి. మీ యింట నలువదియేండ్లు రానివారెవరైన మూడు నెలలకు మించి తెల్లవారుజామున నడుము పట్టి లేచుచు, పని చేసినకొలది తేలికపడుచున్నచో, ఆ సంగతి డాక్టరునకు చెప్పుడు. అట్టివారికి ఒక కన్ను ఎఱ్ఱబారి, నొప్పిపెట్టి, వెలుతురు చూడలేకపోయినచో, దుకాణములోని చుక్కలు గాని పూలరసము గాని వేయక, ఆ దినముననే కంటి ఆసుపత్రికి తీసికొనిపోయి నడుము సంగతి కూడ అక్కడ చెప్పుడు.