రంగు తర్వాత

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఆయన అంబాసిడర్ అత్తిలిలో మా రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఈ కార్ల తయారీ ఆగిపోయింది కదా, సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్ దాకా తిరిగాను. కార్బొరేటర్ విప్పి కడిగాను. తుప్పు తిన్న ఫ్లోరు కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. అల్‌హమ్దులిల్లాహ్, ఇంజన్ పలికింది. రంగు ఒక్కటే మిగిలింది.

వెనక సీటు ఎత్తితే అబ్బా చేతిరాతతో చీటీ: టైర్ల బాకీ 6,000. ఆ షాపాయన కూడా మర్హూమ్. రంగుకి దాచిన పైసలు పట్టుకుని ఆయన బేవా దగ్గరికి వెళ్లాను.

"తెలుసు బేటా. అడగడానికి నోరు రాలేదు," అన్నారు ఖాలా. ఇన్నేళ్లూ మిషన్ కుడుతూనే ఉన్నారామె.

ఖర్జ్ తీరేదాకా రూహ్‌కి సుకూన్ ఉండదని వింటూ పెరిగినా, అబ్బా కాగితాలు ఒక్కసారీ వెతకలేదు నేను.

బండి ఇంకా రెడ్ ఆక్సైడ్ మీదే ఉంది. రంగెప్పుడని అడిగితే, ఇన్షా అల్లాహ్ అంటున్నా.