విందు ఏడు గంటల నుండి

మా చెల్లి పెళ్ళి శుభలేఖ మీద రెండు టైములు అచ్చేశారు. ముహూర్తం రాత్రి 2 గంటల 37 నిమిషాలకు. విందు సాయంత్రం 7 గంటల నుండి. రెండూ ఒకే కార్డు మీద ఉన్నా ఒకే రకం టైములు కావని మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. జర్మనీ నుంచి వచ్చిన మా మేనేజరుకి చెప్పాలి, నేను మర్చిపోయాను. ఆయన ఉయ్యూరు దగ్గరి కల్యాణమండపానికి ఏడుకి ఐదు నిమిషాల ముందే వచ్చి కూర్చున్నాడు. అప్పటికింకా కుర్చీలకి గుడ్డలు తొడుగుతున్నారు. వంటవాళ్ళు బూరెలకి మూకుడు పెట్టారు. పెళ్ళివారంటూ అక్కడున్నది మా పెదనాన్న ఒక్కరే, ఆయనా బనీనుతోనే ఉన్నారు.

అదే మనిషి రాత్రి రెండున్నరకి చూసింది వేరు. పంతులుగారు సెల్‌ఫోన్ చేత్తో పట్టుకుని నిమిషాలు చూస్తున్నారు. తెరకి అటొకరు ఇటొకరు జీలకర్రా బెల్లం పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. సన్నాయివాళ్ళ చూపంతా పంతులుగారి చెయ్యి మీదే. 2.37 కాగానే గట్టిమేళం. "మన రిలీజులు ఒక్కటీ ఇంత కచ్చితంగా జరగలేదే" అన్నాడు మేనేజరు మర్నాడు. (ఆ మాటకొస్తే మన గడియారమే మనకి సరిపోదు. భారత కాలమానానికి లెక్క అయిన 82.5 డిగ్రీల రేఖ తుని దగ్గర్నుంచి పోతుంది. బెజవాడ దానికి పడమరగా ఉంది కాబట్టి ఇక్కడి సూర్యుడు సగటున ఏడు నిమిషాలు లేటు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.)

అప్పట్లో నేను రాబర్ట్ లెవీన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1997లో రాసిన 'ఎ జాగ్రఫీ ఆఫ్ టైమ్' చదివి ఉన్నాను. 31 దేశాల్లో జనం ఎంత వేగంగా నడుస్తారు, పోస్టాఫీసులో స్టాంపు ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది, బ్యాంకుల్లో గోడగడియారాలు ఎంత సరిగ్గా ఉన్నాయి అని కొలిపించి వరస పెట్టాడాయన. స్విట్జర్లాండ్ మొదటిది, మెక్సికో ఆఖరిది. మన దేశం ఆ జాబితాలోనే లేదు. కొన్ని సమాజాలు గడియారాన్ని బట్టీ, కొన్ని జరగాల్సిన పనిని బట్టీ నడుస్తాయని ఆయన చెప్పేది నాకు భలే నచ్చింది. మా వైపు రైతుకి కార్తె అంటే పదమూడు, పద్నాలుగు రోజులు. ఆరుద్రలో నారు పోస్తామంటే ఏ తారీఖున అని ఎవరూ అడగరు. కాబట్టి మనం ఆలస్యం మనుషులం కాదు, మన లెక్క వేరు అని ఆఫీసులో ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. చెప్పుకోవడానికి హాయిగా ఉండేది.

నాగాయలంక దాటాక ఉండే మా బాబాయి దగ్గర ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వాడు. ఆయన పొలం కాలవకి శివారున ఉంది. ప్రకాశం బ్యారేజి దగ్గర నీళ్ళు వదిలారని జూన్‌లో పేపర్లో పడుతుంది, ఎగువవాళ్ళు దమ్ములు చేసేసుకుంటారు, శివారుకి నీళ్ళు వచ్చేది ఆ తర్వాతే. 1855లో ఆనకట్ట కట్టినా, 1957లో దాని స్థానంలో బ్యారేజి వచ్చినా, కాలవ చివర ఉన్నవాడు చివరే. ఈలోగా నారుమడి ఆగదు. పాతిక, ముప్పై రోజులు దాటితే నారు ముదిరి, నాటినా పిలకలు సరిగా వెయ్యదు. "మీ పుస్తకం ఆయన్ని ఓసారి ఇక్కడ కూర్చోబెట్టరా, నీళ్ళకోసం" అన్నాడు బాబాయి. ఇంకోమాట కూడా అన్నాడు: "నాట్లకొచ్చే ఆడవాళ్ళు ఆరింటికల్లా గట్టు మీదుంటారు. వాళ్ళెప్పుడన్నా లేటుగా వచ్చారా? వస్తే కూలి ఊరుకుంటుందా?"

నిజమే. బెజవాడలో నేను వెళ్ళే పుస్తకావిష్కరణ సభలు ఐదింటికని వేసి ఆరుంపావుకి మొదలవుతాయి. అంతసేపూ కూర్చునేది మనం, రావలసింది ముఖ్య అతిథి. 'మన ఇండియన్ టైం కదండీ' అని మైకులో నవ్వేది కూడా ఆయనే. కుర్చీలు వేసిన కుర్రాడు ఆ మాట అనగా నేను వినలేదు. లెవీన్ కూడా ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తారన్నదాని మీద ఒక అధ్యాయం రాశాడు. మొదటిసారి దాన్ని గబగబా తిరగేసి వదిలేశాను.

బాబాయి రెండేళ్ళ క్రితం జూలైలో పోయాడు. నేను దహనానికి అందలేదు. మూడోరోజు నాన్నని కారులో ఎక్కించుకుని వెళ్ళాను. నాలుగున్నరకి మేనేజరుతో కాల్ ఉంది. వాయిదా అడగొచ్చు. అడగలేదు, అడగాలని తోచలేదు. మూడున్నరకి చేరాం. పిన్ని చాపమీద కూర్చుని ఉంది. ఆరోజు పొద్దున ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది: కాఫీ తాగాడనీ, నారుమడి చూసొస్తానన్నాడనీ. మధ్యలో ఎవరో ఒకరు వస్తున్నారు, ఆవిడ ఏడుస్తోంది, మళ్ళీ కాఫీ దగ్గర్నుంచి చెబుతోంది. పరామర్శకి వెళ్ళినవాళ్ళు చేయాల్సిందల్లా అది వినడమే. నాలుగుంపావుకి నా జేబులో ఫోను వణికింది. నేను లేచాను. పిన్ని గట్టు దాకా కూడా రాలేదప్పటికి, గడప దగ్గరే ఉంది కథ. "వచ్చావు, అదే పదివేలు నాయనా" అంది.

సిగ్నల్ బాగుంటుందని కరకట్ట ఎక్కించి కారాపాను. నాన్న వెనక సీట్లోంచి, "టైముకొచ్చావు, టైముకెళ్ళావు" అన్నాడు. కోపంగా అనలేదు. నేను ల్యాప్‌టాప్ తెరిచి నాలుగు ఇరవై తొమ్మిదికి కాల్‌లో చేరాను. అవతల ఎవరూ లేరు. ముందు మీటింగ్ ఇంకా అవ్వలేదనీ, ఇరవై నిమిషాలు ఆగమనీ, క్షమించమనీ మేనేజరు మెసేజ్ పెట్టాడు. పర్వాలేదని రాశాను. నాన్న కారు దిగి కట్ట మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.