ఏనుగులు దిగే నీటి రేవులు

వేలూరు వచ్చినవాళ్లు అడవి జంతువుల్ని చూడాలంటే జవ్వాది కొండల కింద ఉన్న అమిర్ది జూకు వెళతారు. 1967లో తెరిచిన ఆ జూ పిల్లలకు మంచి చోటే. నాకు మాత్రం కంచెలు లేని చోట ఏనుగుల్ని చూడాలని ఉండింది. అందుకే తెల్లారేసరికి గుడియాత్తం చేరి, అక్కడి నుంచి మోర్ధానా డ్యాం దారి పట్టాను.

ఆంధ్ర వైపు కొండల్లో పుట్టి వచ్చే కౌండిన్య నదికి ఇక్కడే అడ్డుకట్ట వేశారు. కార్తీకం వానలకు డ్యాం నిండుగా ఉంది. చుట్టూ కొండలు, వాటి నీడలు నీళ్లలో కదలకుండా నిలబడ్డాయి. కట్ట మీద కలిసిన రైతు నా తెలుగు విని తెలుగులోనే పలకరించాడు. "రేత్రి దిగినాయి సామీ. నీళ్లు తాగి మళ్లా ఎక్కిపోయినాయి" అంటూ ఒడ్డుకు తీసుకెళ్లాడు.

బురదలో ఏనుగు అడుగు, అన్నం వార్చే గంగాళమంత. అందులో ఊరిన నీళ్ల చుట్టూ పసుపు సీతాకోకచిలుకలు వాలి ఉన్నాయి. పక్కనే పేడకుప్ప, దాంట్లో అరగని వెదురు నార. ఏనుగు కనబడలేదు. అయినా ఆ అడుగు ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఈ ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి చిత్తూరు కొండలకు చేరాయి. వాటి కోసమే 1990లో పలమనేరు, కుప్పం ప్రాంతంలో సుమారు 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. ఎండాకాలం అక్కడ వాగులు ఎండితే గుంపులు నీళ్లు వెతుక్కుంటూ దిగుతాయి. దారిలో మామిడి తోటలు, వరిమళ్లు ఉంటాయి. పంట పోయిన రైతు బాధ, దాహంతో దిగిన ఏనుగు బాధ రెండూ ఆ నీటి దగ్గరే కలుసుకుంటాయి.

మధ్యాహ్నం పలమనేరు మీదుగా కుప్పం రోడ్డులోని కైగల్ జలపాతానికి వెళ్లాను. ఊరివాళ్లు దాన్ని దుముకురాళ్లు అంటారు. నల్లటి బండల మీంచి దూకిన నీళ్లు కింద మడుగులో నురగ కడుతున్నాయి. చెయ్యి పెడితే వేళ్లు జివ్వుమన్నాయి. కైగల్ వాగూ, కౌండిన్యా చివరికి పాలారులోనే కలుస్తాయి. పొద్దున చూసిన డ్యాం, ఈ జలపాతం, ఆ అడుగు అన్నీ ఒకే నీటి సంసారమని అక్కడ నిలబడ్డాక అర్థమైంది.

సఫారీ జీపెక్కితే కళ్లు జంతువు కోసమే వెతుకుతాయి. ఇక్కడికొచ్చేవాళ్లు మాత్రం ముందు నీళ్లను చూడండి. మడుగులో ప్లాస్టిక్ సంచి, సీసా పారేయకండి. పొద్దు వాలేలోగా వచ్చేయండి. నేను బయల్దేరేటప్పటికి కొండల మీద నీడ పడుతోంది. ఆ తర్వాత రేవుకు దిగడం ఏనుగుల వంతు.