ఇందల కారమేదీ?

వాంటన్ నూడుల్స్‌లో కారం ఉండకూడదని నేనంటే మా పలాస చుట్టాలు నావైపు జాలిగా చూస్తారు. బెంగాల్‌లో పుట్టి చెడిపోయాడని వాళ్ల ఉద్దేశం. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి ఈ చూపు కొత్త కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాప్ పెట్టి, అటు వాల్తేరు దాకా రైళ్లు నడపడం మొదలెట్టాక శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి మా తాతల తరంవాళ్లు పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయారు. ఇప్పటికీ నింపురాలోనో మథురాకాటిలోనో సాయంత్రం పూట నడిస్తే క్వార్టర్ల కిటికీల్లోంచి ఇంగువ పోపు గుప్పుమంటుంది. ఇంట్లో చారు, పులుసు, ఆవకాయ. వీటి విషయంలో రాజీ లేదు. గడప దాటాక ఏం తిన్నా అడిగేవాళ్లు లేరు.

నేను తినేది గోల్‌బజార్ దగ్గర ఒక సందులోని చిన్న హోటల్లో. మధ్యాహ్నం చేపల కూరా అన్నమూ, సాయంత్రం నుంచి చైనా వంటలూ. పట్టుమని పది బల్లలు కూడా ఉండవు. ప్రతి బల్లమీదా వెనిగర్‌లో నానేసిన పచ్చిమిరప చక్రాల గిన్నె, దాని మూత ఎప్పుడూ వేరే బల్లమీద. జీతాలు పడ్డ వారంలో అయితే కూచోడానికి చోటు దొరకదు. బెంగాలీ గుమాస్తా, ఒడియా ఫిట్టరు, బీహారీ గ్యాంగ్‌మన్, మావాళ్లు, అందరూ ఎవరి ఇంటి భాషా కాని ఒక రైల్వే హిందీలో ఆర్డరిస్తారు. పక్క బల్లవాడు చేపముల్లు తీసే తీరు చూసి మాది ఫలానా ఊరని చెప్పెయ్యొచ్చు. నూడుల్స్ ముందు కూచుంటే ఆ గుర్తు దొరకదు. అందరూ సమానంగా అవస్థపడతారు.

హోటలాయన చైనావాడు కాదు, మేదినీపూర్ మనిషి. కుర్రతనంలో కలకత్తా టాంగ్రాలో గిన్నెలు కడిగి, తర్వాత కూరగాయలు తరిగి, చివరికి పొయ్యి దగ్గరకి చేరాడట. టాంగ్రా అంటే హక్కా చైనావాళ్ల పేట. తరతరాలుగా తోళ్లు పదును చేసిన కుటుంబాలవి. 1962 యుద్ధం రాగానే దేశంలోని చైనా మూలాలవాళ్లలో సుమారు మూడు వేలమందిని, ముసలివాళ్లనీ చంటిపిల్లలనీ కూడా చూడకుండా, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. అక్కణ్ణుంచి వచ్చినవాళ్లలో చాలామందికి తిరిగి చేరడానికి ఇల్లూ వ్యాపారమూ మిగల్లేదు. ఎందరో ఆ తర్వాత కెనడా వెళ్లిపోయారు. 1996లో సుప్రీంకోర్టు తోళ్ల కార్ఖానాల్ని బంతలాకి తరలించమంది. పేటలో తోళ్ల వాసన తగ్గి వెల్లుల్లి వాసన మిగిలింది. ఆ పేట హోటళ్ల వంటిళ్లలో చాకిరీ చేసిన కుర్రాళ్లే ఎవరి ఊరికి వాళ్లు కడాయి పట్టుకెళ్లారు. హౌరా నుంచి ఖరగ్‌పూర్ 115 కిలోమీటర్లు. లోకల్లో రెండున్నర గంటలు. ఈ రుచి మాకు చేరింది అలాగే.

నాలుగు గంటలప్పుడు వెళితే ఆయన వాంటన్లు మడుస్తూ కనిపిస్తాడు. మైదాలో గుడ్డు కొట్టి కలిపి, వెనక వేళ్లు లీలగా కనిపించేంత పల్చగా ఒత్తిన చదరపు రేకులు, తడిగుడ్డ కింద దొంతరగా. ఒక రేకు ఎడమ అరచేతిలో పడుతుంది. మధ్యలో చిటికెడు కోడి కైమా, అందులో అల్లం, ఉల్లికాడ, తెల్ల మిరియం. చూపుడువేలు నీళ్లలో ముంచి అంచు తడిపి, త్రికోణంగా మడిచి, గాలి బయటికి పోయేలా నొక్కుతాడు. తర్వాత రెండు కొసలూ వెనక్కి తెచ్చి ఒకదానిమీద ఒకటి అదిమితే అయిపోయింది. గాలి మిగిలితే నీళ్లలో విచ్చుకుంటుందని ఒకసారి చెప్పాడు. చెబుతున్నప్పుడు కూడా నావైపు చూడలేదు, టీవీలో మోహన్‌బగాన్ ఆట వస్తోంది. చెయ్యి మాత్రం ఆగలేదు.

నూడుల్స్ మధ్యాహ్నమే ఉడికించి, చన్నీళ్లు పోసి, కాస్త నూనె పట్టించి ఉంచుతారు. అడిగినప్పుడు వాటిని మరిగే నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి గిన్నెలో వేస్తారు. పైన ఎముకలు ఉడికిన రసం, నాలుగైదు వాంటన్లు, రెండు ఆకులు, ఉల్లికాడ. అంతే. హాంకాంగ్‌లో దీనికి క్షారం కలిపిన సన్నటి గుడ్డు నూడుల్సూ రొయ్య వాంటన్లూ ఉండాలంటారు. సింగపూర్‌లో ఉద్యోగం చేసే మా బావ పంపిన ఫొటోలో అయితే నూడుల్స్ పొడిగా సాసులో కలిపి, పైన ఎర్రటి పందిమాంసం ముక్కలు పేర్చి, వాంటన్లు పక్కన చిన్న గిన్నెడు సూపులో వేరే ఉన్నాయి. ఉండనివ్వండి. మాది రైల్వే రకం.

మా ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072 మీటర్లు. ప్రపంచంలో ఇంత పొడవైంది లేదని ఊరొచ్చిన ప్రతి చుట్టాన్నీ ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించేవాళ్లం. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరు తన్నుకుపోయింది, దాన్నుంచి హుబ్బళ్లి లాక్కుంది. వచ్చినవాళ్లకి ఏదో ఒకటి చూపించాలి కదా. అలా మా పిన్నిని నూడుల్స్‌కి తీసుకెళ్లాను.

పిన్ని రైలు దిగి మధ్యాహ్నమంతా పడుకుని, సాయంత్రం మంచి చీర కట్టుకుని వచ్చింది. గిన్నె రాగానే గరిటెతో రసాన్ని అటూ ఇటూ తిప్పింది. ఒక చెంచాడు నోట్లో పోసుకుంది.

"ఓలమ్మా, ఇదేటిరా బావూ! ఇందల కారమేదీ? బాలింతరాలికెట్టే పత్తెం కూడునాగుంది."

మిరపకాయల గిన్నె ముందుకు జరిపాను. సగం గిన్నె బోర్లించుకుంది. తిన్నాక వెనిగర్ పుల్లదనం నచ్చిందో ఏమో, మిగతా సగం కూడా ఖాళీచేసి, "మావూరి బండిమీద మంచూరియా తినాల, ఒకసారి రా" అంది. తిన్నాను పిన్నీ, పలాసలోనూ తిన్నాను, విశాఖ బీచి దగ్గరా తిన్నాను. ఎర్ర రంగూ, సోయా సాసూ, అల్లం వెల్లుల్లీ అన్నీ ఒకేసారి అరుస్తాయి. వాటిలో ఉన్నది కోడో కాలీఫ్లవరో నాలుక్కి పట్టదు. ఇక్కడి రసంలో ఎముక రుచి విడిగా తెలుస్తుంది, మైదా రుచి విడిగా, ఉల్లికాడ పచ్చివాసన విడిగా. కారం కావాలంటే బల్లమీద ఉంది, ఎవరి పాలు వాళ్లు వేసుకుంటారు. వంటవాడు అందరి తరఫునా నిర్ణయించడు. ఇదంతా పిన్నితో అనలేదు. పెద్దావిడ, పైగా మర్నాడు నాకు పూతరేకుల డబ్బా ఇవ్వబోతోంది.

చెయ్యి కడుక్కున్నాక, ఇంట్లో పిల్లలకి రెండు పార్సిల్ కట్టించమంది. హోటలాయన రసం ఒక సంచిలో, నూడుల్స్ ఒక సంచిలో, వాంటన్లు ఒక డబ్బాలో వేరువేరుగా కట్టాడు. ఇంటికెళ్లాక రసం మరగబెట్టి అప్పుడే కలపాలని నాకు హిందీలో, మళ్లీ పిన్నికి సైగలతో చెప్పాడు. పిన్ని బుద్ధిగా తలూపింది. రిక్షా మథురాకాటి చేరేలోగా మూడూ టిఫిన్ క్యారియర్ గిన్నెలో పోసేసి మూత బిగించింది, ఒలికిపోతాయని. ఇంటికెళ్లి మూత తీస్తే రసమంతా నూడుల్స్ పీల్చుకుని గిన్నె అంచుదాకా ఉబ్బి ఉన్నాయి. పిల్లలు చెంచాలతో ముద్దలుగా కోసుకుని, ఆవకాయ నంజుకుని తిన్నారు.