సందక్‌ఫూ దారిలో కాన్వాసు సంచి

పర్వతయాత్రకు బయలుదేరేవారు కాళ్ళను గురించీ, ఊపిరిని గురించీ ఆలోచించినంతగా వీపున మోసే సంచిని గురించి ఆలోచించరు. 2021 డిసెంబరు వరకు మేమూ ఆలోచించలేదు. ఆ నెలలో ఒక ఆదివారం మేము ముగ్గురం అనంతగిరి కొండలలో కాలిబాటన నడుస్తుండగా, మాలో పెద్దవారి సంచి భుజపట్టీ ఒక్కసారిగా ఊడిపోయింది. సంచి ఆయన వీపు మీది నుండి జారి, రెండు మూడు పల్టీలు కొట్టి, తుప్పల మధ్యగా లోయలోకి పోయింది. కొని ఎనిమిది నెలలైనా కాని మెరిసే నైలాను సంచి అది. ఆయన మధుమేహ రోగి. మాత్రలు, బెల్లపు అచ్చు, మధ్యాహ్న భోజనం అన్నీ అందులోనే ఉన్నాయి. కారు నిలిపిన చోటికి తిరిగి రావడానికి రెండు గంటల నడక. సగం దారిలో ఆయనకు చెమటలు పట్టాయి, మాట తడబడింది, బాట పక్కనే కూలబడ్డారు. సంతకు పోతున్న ఒక గిరిజన మహిళ తన బుట్టలోని అరటిపండ్లు ఇవ్వబట్టి ఆ పూట గండం గడిచింది.

తరువాతి వారం ఆ ఊరి కుర్రవాళ్ళు సంచిని వెదికి పట్టుకున్నారు. దానిని తెచ్చుకుని, భోజన విరామంలో బల్ల మీద పరచి పరిశీలించాము. గుడ్డ మరెక్కడా చినగలేదు. పట్టీ కలిసే చోట కుట్టు వెంబడి మాత్రం గీత గీసినట్లు తెగింది. ఒకే వరుస కుట్టు. అదీ అంగుళానికి పద్నాలుగు పోట్లు. అంత దగ్గరగా సూది దిగితే ఎంతటి గట్టి గుడ్డ అయినా తపాలా బిళ్ళల మధ్యనుండే చిల్లుల వరుస వలె తయారవుతుంది. లాగితే అక్కడే వీడుతుంది. మాలో పెద్దవారు ముప్పై మూడేళ్ళుగా మన ముడిసరుకుల యార్డులో కన్వేయర్ బెల్టులను అతికినవారు. ఆయన దానిని తిప్పి తిప్పి చూచి, "బెల్టు తెగిందంటే ముందు అతుకు దగ్గరకే కదా మనం పరుగెత్తేది" అన్నారు. ఇక మీదట కాన్వాసు సంచి తప్ప మోయనని కూడా ప్రకటించారు.

2023 చివర ఆయన పదవీ విరమణ. ఆ లోగా, ఏప్రిల్ నెలలో, సందక్‌ఫూ శిఖరానికి వెళ్ళాలని ముగ్గురం నిశ్చయించుకున్నాము. డార్జిలింగు జిల్లాలో, నేపాలు సరిహద్దున ఉన్న సింగలీలా పర్వతశ్రేణి మీద 3,636 మీటర్ల ఎత్తున ఉన్నదది. పశ్చిమ బెంగాలులో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు.

సంచి దగ్గరనే మొదటి వాదం వచ్చింది. మాలో చిన్నవాడు, ఇంజనీరుగా చేరి నాలుగేళ్ళయినవాడు, కాగితం తీసి లెక్క వేశాడు. "మాస్టారూ, యాభై లీటర్ల సంచికి సుమారు ఒకటిన్నర చదరపు మీటర్ల గుడ్డ కావాలి. చదరపు మీటరుకు 500 గ్రాముల కాన్వాసు వేస్తే గుడ్డే ముప్పావు కిలో. ఆ పైన తోలు పట్టీలు, ఇత్తడి బకిళ్ళు, అడుగున రెండో పొర. ఖాళీ సంచే రెండు కిలోలు దాటుతుంది." లెక్కలో తప్పు లేదు. మేము చివరకు కొన్న సంచి 2.3 కిలోలు తూగింది. అతడి నైలాను సంచి 1.4 కిలోలు. పర్వతం మీద ఆ 900 గ్రాములు ఏమంత చిన్న సంగతి కాదు.

అయినప్పటికీ కాన్వాసును గురించి ఒకటి రెండు విషయాలు చెప్పుకోవలసి ఉంది. మన కన్వేయర్ బెల్టుల లోపలి పొరలు ఒకప్పుడు నూలు కాన్వాసే. నైలాను, పాలియెస్టరు పొరలు తరువాత వచ్చినవి. నూలు పోగు తడిసినప్పుడు బలం కోల్పోదు, ఇంకా బలపడుతుంది. పైగా అది ఉబ్బి, పడుగు పేకల మధ్య సందులను తనంత తానే మూసివేస్తుంది. వాన మొదలైన కొంతసేపటికి మంచి కాన్వాసు లోపలికి నీటిని రానీయకపోవడానికి కారణం ఇదే. నైలాను గుడ్డ తనంత తాను నీటిని ఆపదు. లోపలివైపు పూసిన పాలీయూరిథేను పూత ఆపుతుంది. విశాఖ వంటి తేమ ఊళ్ళో ఆ పూత కొన్నేళ్ళకు జిగురెక్కి పొరలు పొరలుగా రాలుతుంది. అటక మీద పెట్టిన పాత సంచులను దింపి చూస్తే ఈ సంగతి ఎవరికి వారికే తెలుస్తుంది. అయితే కాన్వాసుకూ శత్రువున్నది: బూజు. తడిగా మడిచి నాలుగు రోజులు ఉంచితే అది నూలును తినేస్తుంది.

కాన్వాసులో దట్టమైన రకాన్ని డక్కు అంటారు. బాతుకూ దానికీ సంబంధం లేదు. గుడ్డ అనే అర్థం గల డచ్చి మాట నుండి వచ్చిన పేరది. అమెరికాలో దానికి నంబర్లు ఇచ్చే పద్ధతి ఒకటున్నది. 36 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు గల ముక్క ఎన్ని ఔన్సులు తూగితే ఆ సంఖ్యను 19 నుండి తీసివేస్తారు. పదవ నంబరు డక్కు అంటే ముక్క 9 ఔన్సులు, మన లెక్కలో చదరపు మీటరుకు 500 గ్రాములు. వీపు సంచికి అది చాలును. అంతకు మించితే గుడ్డ బలం కంటే మోసేవాడి బలం ముందు అయిపోతుంది.

సికిందరాబాదులో ఒక పాత దుకాణంలో మూడు సంచులు చూపించారు. మొదటిది చూపులకు బాగున్నది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే జల్లెడ వలె చుక్కలు కనిపించాయి. రెండవదానికి గుడ్డ బాగున్నది కాని రివెట్లు ఇనుపవి. ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు చుట్టూ ఉన్న నూలును కూడా పాడుచేస్తుంది. సముద్రపు గాలిలో రెండు వర్షాకాలాలు గడిచేసరికి రివెట్టు చుట్టూ గుడ్డ పొడిపొడి అవుతుంది. మూడవదానికి రివెట్లు, బకిళ్ళు ఇత్తడివి. ఇత్తడికీ తోలుకూ కలిసిన చోట పచ్చని చిలుము పడుతుంది కాని, తుడిస్తే పోతుంది. దీనికి అంగుళానికి ఏడెనిమిది పోట్లు, రెండు వరుసలు. భుజపట్టీ కలిసే చోట లోపలివైపు మరొక కాన్వాసు ముక్క వేసి, బరువు ఒక్క గీత మీద పడకుండా నలుచదరంగా కుట్టారు. మాలో పెద్దవారు ఆ ఒక్క చోటనే పావుగంట సేపు చూశారు. దుకాణదారుకు విసుగు పుట్టింది. "సైజు చూడరా సార్, రంగు చూడరా?" అన్నాడు. 3,200 రూపాయలకు బేరం కుదిరింది.

పట్టీలు సన్ననివిగా ఉన్నాయని, విశాఖలో లారీలకు టార్పాలిన్లు కుట్టే ఒకాయన చేత వాటి కింద మూడు అంగుళాల వెడల్పున కంబళి ముక్కలు వేయించాము. తేనెమైనం, పారఫిను మైనం కలిపి కరిగించి, పైభాగానికీ అడుగుకూ పూసి, ఇస్త్రీ పెట్టెతో ఇంకించాము. ఇంట్లో వాళ్ళు ఆ ఇస్త్రీ పెట్టెను గురించి ఏమన్నారో ఇక్కడ వ్రాయడం భావ్యం కాదు.

విశాఖ నుండి న్యూ జల్పాయిగుడికి రైలు, అక్కడి నుండి జీపులో డార్జిలింగు. 1954లో స్థాపించిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ప్రదర్శనశాలను చూశాము. టెన్సింగ్ నార్గే క్షేత్రశిక్షణకు తొలి సంచాలకుడుగా పనిచేసిన సంస్థ ఇది. ఆనాటి బూట్లు, తాళ్ళు, దుస్తులు అద్దాల వెనుక చూస్తుంటే మా చిన్నవాడి లెక్కల కాగితం గుర్తుకు వచ్చి అతడే నవ్వాడు.

నడక మొదలయ్యేది మానేభంజంగులో. అక్కడి వీధిలో పాత ల్యాండ్ రోవర్లను చూడడం మా వంటివారికి వేడుక. 1950ల నాటి బండ్లు దశాబ్దాలపాటు ఈ రాళ్ళదారిలో సందక్‌ఫూ దాకా నడిచాయి. ఇంజన్లు మార్చి, భాగాలను అక్కడికక్కడే తయారుచేసుకుని నడిపించారు. ఇప్పుడు చాలావరకు కొత్త బండ్లు వచ్చాయి. చిత్రే దాకా నిట్టనిలువు ఎక్కుడు. ఆ పైన మేఘ్మా. పేరులోనే మేఘమున్నది, మేము వెళ్ళేసరికి ఊరు కనబడలేదు, పొగమంచులో ఒక కుక్క మొరుగుడు మాత్రం వినిపించింది. ఆ రాత్రి తుమ్లింగులో బస. అది నేపాలు భూభాగం. దారి ఒకచోట ఆ దేశంలోకి, మరొకచోట ఈ దేశంలోకి పోతూ ఉంటుంది. మమ్మల్ని దాటి ముందుకు పోయినవారు మాత్రం స్థానికులు, వెదురుతో అల్లిన డోకో బుట్టలు మోసేవారు. బుట్ట అడుగు నుండి వచ్చే నామ్లో అనే పట్టీని నుదుటికి తగిలించుకుంటారు. భుజపట్టీ లేదు, బకిల్ లేదు.

రెండవ రోజు గైరిబాస్ దాటి, కయ్యకట్టా నుండి కాలిపోఖ్రీకి పోతుండగా మధ్యాహ్నం రెండు గంటలకు ఆకాశం నల్లబడింది. ఎర్రని గురాస్ పూల చెట్ల మధ్య నిలబడి ఫొటోలు తీసుకుంటున్నవాళ్ళం పరుగెత్తవలసి వచ్చింది. ముందు వడగళ్ళు, వెనుకనే వాన. గంటన్నర తడిశాము. తడిసి మోపెడవడమంటే ఏమిటో కాన్వాసు సంచి మోసినవారికి అక్షరాలా తెలుస్తుంది. బసకు చేరి స్ప్రింగు త్రాసుకు తగిలిస్తే, సామాను తీసిన ఖాళీ సంచి 3.2 కిలోలు తూగింది. తొమ్మిది వందల గ్రాముల నీరు! దారిలో పెద్దవారి అడుగు తడబడడం చూచి, చిన్నవాడు ఏమీ అనకుండా ఆయన సామానులో సగం తన సంచిలో వేసుకున్నాడు. తేలిక సంచి కావడం వల్లనే అతడు ఆ పని చేయగలిగాడు. ఈ మాట వ్రాయకపోతే అన్యాయం అవుతుంది.

కాలిపోఖ్రీ చేరేసరికి పెద్దవారికి వణుకు పట్టుకున్నది. వేళ్ళు కొంకర్లు పోయి గుండీలు విప్పుకోలేకపోయారు. తడి బట్టలు మేమే విప్పాము. సంచిలోని ఉన్ని బట్టలు పొడిగా ఉన్నాయి. అయితే ఆ ఘనత పూర్తిగా కాన్వాసుది కాదు. మూత కింద నుండి నీరు కొంత లోపలికి దిగింది. అన్నిటినీ ముందుగానే ఒక పెద్ద పాలిథీను సంచిలో మూట కట్టడం వల్ల అవి దక్కాయి. మాత్రలు, చక్కెర బిళ్ళలు ఈసారి ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. పొయ్యి పక్కన కూర్చోబెట్టి, వేడి వేడి టీలో రెట్టింపు చక్కెర వేసి తాగించాము. అరగంట తరువాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సంచి పట్టీ ఎలా ఉంది?"

ఎడమ పట్టీ తోలు, బకిల్ తగిలే చోట, సగానికి పైగా చీలి ఉన్నది. నానిన తోలు సాగి రంధ్రం దగ్గర తెగింది. మేము కుట్టును, రివెట్టును చూశాము కాని తోలు నాణ్యతను చూడలేదు. ఇంకో గంట నడిచి ఉంటే అనంతగిరి మళ్ళీ జరిగేది.

బస నడిపే ఆవిడ ఆ పట్టీని చూచి లోపలికి వెళ్ళి ఒక దబ్బనం తెచ్చింది. మన ఊళ్ళో గోనెసంచులు కుట్టేటటువంటిదే. నీలం రంగు నైలాను దారం, పాత నామ్లో ముక్క ఒకటి కూడా తెచ్చింది. చీలిన తోలు మీద ఆ ముక్కను వేసి, పొయ్యి వెలుతురులో, మాట్లాడుతూనే, పదిహేను నిమిషాలలో కుట్టివేసింది. పోటుకూ పోటుకూ మధ్య దూరం కొలిచినట్లు ఉన్నది. మా పెద్దవారు బరువంతా వేసి లాగి చూచి తల ఊపారు. ఆ తరువాత చిన్నవాడు తన సంచిని ముందుకు జరిపాడు. ఇసుక చేరి ప్రధాన జిప్పు పళ్ళు ఊడిపోయాయి. ఆవిడ రెండుసార్లు ముందుకూ వెనుకకూ లాగి చూచి, తిరిగి ఇచ్చేసి, తాడు ఒకటి చేతిలో పెట్టింది. మిగిలిన యాత్ర అంతా ఆ సంచి నడుముకు తాడు కట్టించుకునే నడిచింది. డబ్బు ఇవ్వబోతే టీకి మాత్రమే తీసుకున్నది.

మూడవ రోజు బిఖేభంజంగు నుండి చివరి ఎక్కుడు. మన వత్సనాభి జాతి విషపు మొక్కలు పెరిగే చోటు కావడం వల్ల ఆ పేరు వచ్చిందట. సంచి ఇంకా తడిగానే ఉన్నది. సందక్‌ఫూ చేరాక దానిని తిరగవేసి, గాలికి వేలాడదీశాము. మరునాడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి బయటకు వచ్చేసరికి మబ్బు పూర్తిగా విడిపోయింది. 8,586 మీటర్ల కాంచనజంగ, దాని ఇరుపక్కల కొండలు కలిసి, పడుకున్న బుద్ధుని ఆకారంలో మొదట బూడిదరంగుగా, తరువాత గులాబిరంగుగా వెలిగాయి. ఎడమ వైపున దూరంగా ఎవరెస్టు, లోత్సే, మకాలు. ముగ్గురమూ చాలాసేపు మాట్లాడలేదు. చలికి సంచి మీది తడి గడ్డకట్టి, అది రేకు వలె నిలబడి ఉన్నది.

విశాఖ తిరిగి వచ్చిన రోజునే, అలసట తీరకముందే, దానిని ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టాము. అడుగున రెండు చోట్ల బూజు చుక్కలు కనిపిస్తే వెనిగరు నీళ్ళతో తుడిచి, ఎండకు వేశాము. తోలు పట్టీలు రెండింటినీ తీసివేసి, టార్పాలిన్లు కుట్టే ఆయన చేత మందపు నూలు పట్టీలు వేయించాము. నామ్లో ముక్కను, నీలం దారపు కుట్టును మాత్రం తీయనివ్వలేదు. కొత్త పట్టీ పైకి దానినే తిరిగి కుట్టించారు మా పెద్దవారు. డిసెంబరులో ఆయన పదవీ విరమణ సభకు ఆ సంచి తగిలించుకునే వచ్చి, శాలువాలు, జ్ఞాపికలు అందులో వేసుకుని ఇంటికి వెళ్ళారు. మా చిన్నవాడు తన సంచికి కొత్త జిప్పు వేయించాడు. కాన్వాసు సంచి కొంటావా అని అడిగితే ఇప్పటికీ గ్రాముల లెక్కే చెబుతాడు. అయితే గత శీతకాలంలో అరకు వెళ్ళేటప్పుడు పెద్దవారి ఇంటికి పోయి, ఆ సంచిని రెండు రోజులకు అరువు అడిగి తీసుకువెళ్ళాడు.