పిట్టగోడ గాలినాపదు

సోలార్ పలకలంటే అందరూ ఎండ గురించే మాట్లాడతారు. గాలి ఊసెత్తేవాళ్ళు తక్కువ. ఇక్కడ న్యూజెర్సీలో మా క్లయింటు కోసం నేను రాసే ప్రోగ్రాం మాత్రం రోజంతా గాలి లెక్కలే కడుతుంది. ఇక్కడి గోదాముల పైకప్పులు మైదానాల్లా ఉంటాయి. చిల్లులు పెడితే కారతాయని చాలాచోట్ల పలకల్ని బోల్టులతో బిగించరు. కాంక్రీటు దిమ్మలు పేర్చి, ఆ బరువుతోనే నిలబెడతారు. ఏ పలక కింద ఎన్ని దిమ్మలన్నది మా ప్రోగ్రాం తేలుస్తుంది. మధ్యలో వాటికంటే మూలల్లో వాటికి చాలా ఎక్కువ కావాలి. గాలి మూలకి ఏటవాలుగా తగిలితే అంచుల వెంట సుడులు లేచి, పలకల్ని పైకి పీకుతాయి.

సరే, అసలు సంగతికొస్తా. మొన్నామధ్య విశాఖ నుంచి నాన్నగారి ఫోను. "ఒరేయ్, డాబా మీద మూడు కిలోవాట్లు పెట్టిస్తున్నా. 78,000 సబ్సిడీ వస్తుందట." 2024లో మొదలైన సూర్యఘర్ పథకం అన్నమాట. పెట్టేవాళ్ళిచ్చిన బొమ్మ చూశాను. ఎనిమిదడుగుల ఎత్తున గొడుగులా ఫ్రేము, అంచు దాకా పలకలు, కాళ్ళకి ఉత్తి దిమ్మలు! కింద వడియాలు పెట్టుకోవచ్చని అమ్మకీ నచ్చింది.

"గాలొస్తేనో?" అన్నాను.

"చుట్టూ పిట్టగోడ ఉందిగా, అదే ఆపుతుంది."

మనందరం అలాగే అనుకుంటాం. కానీ అమెరికాలో వాడే ఏఎస్‌సీఈ 7 ప్రమాణం 2016 కూర్పులో ఇలాంటి పలకలకి విడిగా లెక్క చేర్చారు. అందులో పిట్టగోడ ఎత్తు పెరిగేకొద్దీ గాలి బలం 1.2 రెట్ల దాకా పెరుగుతుంది. గోడ సుడిని ఆపదు, ఇంకాస్త పైకెత్తుతుందంతే.

మన దేశపు ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. అంటే చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల ఒత్తిడి. పలక ఉండేది రెండు చదరపు మీటర్లు, బరువేమో ఇరవై కిలోల పైచిలుకు. పలక ఉన్న చోటునిబట్టీ వాలునిబట్టీ అసలు బలం మారుతుందనుకోండి, అయినా పోలిక అర్థమవుతుంది కదా.

ఇదంతా చెప్పాక నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "2014లో హుద్‌హుద్‌కి మన ట్యాంకు మూత పక్కవీధిలో దొరికిందిరా" అన్నారు. మూత కాబట్టి సరిపోయింది. అదే పలకైతే, ఆ వీధిలో ఎవరి నెత్తిన పడేదో!

చివరికి అక్కడి స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించి మార్పించాం. ఫ్రేము కిందకి దిగింది, డాబా మధ్యకి జరిగింది. పొట్టి దిమ్మెల్లోంచి స్లాబుకి బోల్టులు పడ్డాయి, చుట్టూ నీళ్ళు దిగకుండా పూత వేశారు. "కారితే నువ్వే వచ్చి చూసుకోవాలి" అని నాన్నగారి షరతు. సుడులకి భయపడి వదిలేసిన అంచుల్లో అమ్మ వడియాలు ఎండుతున్నాయి. నీడ లేదు కాబట్టి ఇంకా బాగానే ఎండుతున్నాయట.

మీ ఇంట్లోనూ పెట్టిస్తుంటే, ఎన్ని యూనిట్లొస్తాయని అడిగాక ఇంకో ప్రశ్న అడగండి. "ఎంత గాలికి లెక్క కట్టారు?" జవాబు కాగితం మీద, ఇంజనీరు సంతకంతో తీసుకోండి.