నిప్పుకు లొంగని కర్ర

కర్రనీ నిప్పునీ పక్కపక్కన ఎవరూ పెట్టరు. ఫ్రాన్స్‌లోని ఓ కొండ ఊరు మాత్రం కర్ర కడుపులోనే నిప్పు పెట్టి, అది కాలిపోకుండా చూడటాన్నే వృత్తిగా చేసుకుంది. ఆ పనితోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఇప్పుడా నిప్పు చల్లారుతోంది. మరి ఆ చేతుల్లోని పనితనం ఏమవుతుంది?

ఫ్రాన్స్ తూర్పు అంచున, స్విట్జర్లాండ్ సరిహద్దుకి దగ్గర్లో జూరా పర్వతాలున్నాయి. ఆ కొండల మధ్య ఇరుకు లోయలో, బియెన్, టాకోన్ అనే రెండు ఏళ్లు కలిసేచోట ఉంటుంది సెయింట్ క్లాడ్. జనాభా పదివేలకు లోపే. డోల్ పట్నం నుంచి ఇక్కడికొచ్చే రైలుమార్గానికి 'వానకోయిలల దారి' అని ముద్దుపేరు. 123 కిలోమీటర్ల ప్రయాణంలో 36 సొరంగాలూ 18 ఎత్తయిన వంతెనలూ దాటాలి. చీకటి, వెలుగు, లోయ, మళ్లీ చీకటి... అలా అలా ఊరొచ్చేస్తుంది. ఊళ్లో అడుగుపెడితే పొగతాగే పైపు ఒకటి నిలువెత్తుకు మించి పెద్దగా పలకరిస్తుంది. ఇది ఏ ఊరో ఇక వేరే చెప్పక్కర్లేదు!

జపమాలల నుంచి...

నిజానికి ఈ ఊరికి పేరు తెచ్చింది పొగ కాదు, భక్తి. అయిదో శతాబ్దంలో ఇద్దరు అన్నదమ్ములు ఈ అడవిలో మఠం కట్టుకున్నారు. తర్వాతి కాలంలో క్లాడ్ అనే మహనీయుడి పార్థివదేహం ఇక్కడ చెక్కుచెదరకుండా ఉందన్న నమ్మకంతో యాత్రికులు బారులు తీరారు. పుణ్యక్షేత్రానికి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో తిరిగివెళతారా? వాళ్లకోసం చుట్టుపక్కల దొరికే గట్టి కలపతో జపమాలలూ చిన్న చిన్న ప్రతిమలూ చేయడం మొదలైంది. ఏటి నీళ్లు మరల్ని తిప్పేవి. రైతులు మంచుకాలంలో పొలం పనులుండక కొయ్యపని పట్టేవారు.

ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1794లో ఆ దేహాన్ని కాల్చేశారు. 1799లో పెద్ద అగ్నిప్రమాదం ఊరిని బూడిద చేసింది. యాత్రికులు తగ్గినా చేతిపని మాత్రం మిగిలింది. ముక్కుపొడి డబ్బాలూ బొమ్మలూ పైపు గొట్టాలూ... ఏది అమ్ముడుపోతే అది చేశారు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రని మరమీద తిప్పి కుంకుమ భరిణెలూ లక్కబొమ్మలూ చేసేవారికి ఈ బతుకు కొత్తగా అనిపించదు.

మంటల్లోనూ చావని వేరు

అప్పట్లో మట్టిపైపులు పగిలిపోయేవి, మామూలు కర్రపైపులు తొందరగా మాడిపోయేవి. 1850ల ప్రాంతంలో ఆ చిక్కు తీర్చింది బ్రయర్. మధ్యధరా సముద్రతీరంలో, ముఖ్యంగా నెపోలియన్ పుట్టిన కార్సికా దీవిలో గుబురుగా పెరిగే మొక్క అది. దాని గొప్పతనమంతా నేలమట్టాన, కాండానికీ వేరుకీ మధ్య ఊరే బుడిపెలో ఉంది. ఎండాకాలం ఆ పొదలు తరచూ అంటుకుంటాయి. పైనున్న కొమ్మలన్నీ బూడిదైనా బుడిపె బతికే ఉంటుంది. వానలు పడగానే అందులోంచే కొత్త చిగుళ్లు తొడుగుతాయి! పొగాకు నిప్పును ఓర్చుకునే కర్ర కావాలంటే అంతకంటే ఏం కావాలి?

అయితే బుడిపె దానికదే పైపు అయిపోదు. పనికొచ్చేంత లావు కావడానికే దశాబ్దాలు పడుతుంది. తవ్వితీశాక ఎండకి బీటలు వారకుండా తడిగా ఉంచుతారు. చేయి తిరిగిన పనివాడు ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసి, నార ఎటు పోతోందో అంచనా వేసి రంపానికి పెడతాడు. ముక్కల్ని గంటల తరబడి నీళ్లలో మరిగిస్తారు. వగరూ జిగురూ దిగిపోవాలి, లేకపోతే పొగ చేదెక్కుతుంది. ఆపైన నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి నీడన ఆరబెడతారు.

అసలు పరీక్ష మరమీద మొదలవుతుంది. గిన్నె తొలిచాక, పొగ వచ్చే సన్నటి రంధ్రం సరిగ్గా గిన్నె అడుగునే కలవాలి. పైకి కలిస్తే అడుగున తేమ చేరుతుంది, పైపు బుడబుడలాడుతుంది. ఇంతా చేశాక లోపల దాగిన చిన్న రాయో గుంటో బయటపడొచ్చు. ఏళ్లతరబడి ఆరబెట్టిన ముక్క ఆ క్షణంలో ధర కోల్పోతుంది! అలాంటివాటిని పుట్టీతో పూడ్చి చవగ్గా అమ్ముతారు. లేదంటే పైభాగాన్ని గరుకుగా చెక్కి లోపం కప్పేస్తారు. మచ్చలేకుండా, నిప్పు శిఖల్లా నిలువు గీతలతో వచ్చిన పైపు దొరికితే పండగే. దానికి పుట్టీ, ముదురురంగు అక్కర్లేదు. గరుకు కాగితంతో రుద్ది, మైనంతో మెరుగుపెడితే చాలు.

లాభం అందరిదీ

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ పనిమీద వేలమంది బతికారు. వజ్రాలు సానపట్టే పని కూడా ఊళ్లో వేళ్లూనుకుంది. ఆ కార్మికులు 1881లో 'లా ఫ్రాటర్నెల్' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. లాభాన్ని ఎవరికి వాళ్లు పంచుకోకుండా అందరి అవసరాలకూ వాడారు. 1910లో వాళ్లు కట్టుకున్న 'ప్రజల ఇల్లు'లో నేటికీ సినిమాలూ నాటకాలూ ఆడుతున్నాయి. 1966లో పైపు తయారీదారులు ఓ కూటమి కట్టారు. వాళ్లు గౌరవించిన ప్రముఖుల పైపులు ఇక్కడి మ్యూజియంలో అద్దాల వెనక వరసగా ఉంటాయి.

అయితే సిగరెట్టు వచ్చి పైపును పక్కకు నెట్టింది. పొగాకు ప్రాణం తీస్తుందని శాస్త్రం తేల్చింది. పైపు దానికి మినహాయింపేమీ కాదు, నోటికీ గొంతుకీ క్యాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పొగాకుకు ఏటా బలవుతున్నవారు డెబ్భై లక్షలకు పైమాటే. ఫ్రాన్స్ 1991లో పొగాకు ప్రకటనలకు కళ్లెం వేసింది. 2008 నుంచి కాఫీ హోటళ్లలోనూ పొగ తాగనివ్వడంలేదు. ఇవేవీ తప్పని ఎవరూ అనలేరు. వేలమంది పనిచేసిన ఊళ్లో ఇప్పుడు పైపుల తయారీశాలలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

కాలిన సగం

ఆ మ్యూజియానికి దగ్గర్లోనే పెద్ద చర్చి ఉంది. అందులో పదిహేనో శతాబ్దంలో జాన్ ద విత్రీ అనే శిల్పి చెక్కిన కొయ్య ఆసనాల వరసలు రెండు ఎదురెదురుగా ఉంటాయి. 1983లో నిప్పంటుకుని ఒక వరస బూడిదయింది. బ్రయర్ కాదుగా, ఓర్చుకోలేకపోయింది. అయినా ఊరు దాన్ని ఖాళీగా వదిలేయలేదు. ఏళ్ల తరబడి శ్రమపడి మళ్లీ చెక్కించింది. ఆ పని చేయడానికి ఉలి పట్టడం తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

యాత్రికులు పోతే డబ్బాలు చేశారు. డబ్బాలు పోతే పైపులు చేశారు. పైపులూ పోయేరోజు వస్తే రావచ్చు, రావాలి కూడా. కానీ కర్రని చేత్తో తడిమి నార ఎటు పోతోందో చెప్పగల మనిషిని మాత్రం పోగొట్టుకోకూడదు. కొమ్మలు మాడినా బుడిపె బతికుంటే మళ్లీ చిగురుస్తుంది. ఆ సంగతి సెయింట్ క్లాడ్‌కి ఒకరు చెప్పాలా?